అమ్మగారు ఎక్కితేనే వచ్చే శబ్దం

మఠం కారులో ఒక శబ్దం వస్తోంది. అది ఎక్కడి నుంచి వస్తోందో కోదండానికి అంతుపట్టలేదు.

టక్. టక్‌టక్. గుంతలో పడితే ఒకసారి, రాళ్ల దారిలో అయితే ఆగకుండా. తారు రోడ్డు ఎక్కగానే ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది.

కోదండం మఠానికి రాకముందు లారీ నడిపినవాడు. ఏ శబ్దం ఏ నట్టుదో కళ్లు మూసుకుని చెప్పగలనని అతని నమ్మకం. అందుకని అది వినబడినప్పుడల్లా ఎవరో వీపు మీద వేలితో పొడుస్తున్నట్టు మండిపోయేవాడు.

అయితే అసలు కోపం అందుకు కాదు. అందరూ అమ్మగారని పిలిచే అతని గురువు చెంగమాంబ అతనికి తత్త్వాలు నేర్పేది ఆ కారులోనే.

మఠంలో ఉంటే ఆమెకు తీరిక ఉండదు. తెల్లారేసరికి ఒకరు బిడ్డకు జ్వరమని వస్తారు, ఒకరు గట్టు తగాదా అని వస్తారు, ఏ పనీ లేనివాళ్లు ఊరికే కూర్చుని పోదామని వస్తారు. శిష్యుల ఊళ్లకు బయల్దేరినప్పుడు మాత్రమే ఆమె నోరు పాటకు ఖాళీ అవుతుంది. వెనక సీట్లో కూర్చుని ఆమె ఒక మాట చెబుతుంది. ముందు సీట్లో బండి నడుపుతూ కోదండం అదే మాట పలుకుతాడు. గురువు చెప్పాలి, శిష్యుడు వెనక పలకాలి. అది వాళ్ల పద్ధతి.

"కూర్చోవడమే తిరగబడింది. శిష్యుడు ముందర, గురువు వెనకాల" అని మునెమ్మ నవ్వేది. మునెమ్మ మఠంలో వంట చేసే మనిషి, కోదండం కంటే పెద్దది. ప్రయాణాల్లో అమ్మగారి పక్కన కూర్చుంటుంది.

ఆ తత్త్వాలు కాగితం మీద లేవు. చెంగమాంబకు ఆమె గురువు నోటితో చెప్పాడు. ఆయనకు ఆయన గురువు అట్లాగే చెప్పాడు. కోదండం ఒకసారి ఎవరినో అడిగి టేప్‌రికార్డర్ తెచ్చాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టించింది.

"పెట్టెకు చెబితే పెట్టెకే వస్తుంది నాయనా. నీకెట్లా వస్తుంది?"

ఇప్పుడు ఆ పాటలు విన్నవాళ్లు చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నారు గాని, నోటికి వచ్చినవాళ్లు ఆమె తప్ప ఎవరూ లేరు. ఆమెకు వయసు మీదపడింది. వాటిలో పెద్దది ఇంటి తత్త్వం. పెద్ద గురువుగారి ఆరాధన ఏటా ఆయన పుట్టిన ఊరిలో చేస్తారు. ఆ నాడు కోదండం దాన్ని మొత్తంగా అందరి ముందూ పాడాలి. పాడితే పాటలన్నీ అతనికి అందినట్టు. పాడలేకపోతే ఆమెతోనే పోతాయి.

ఆరాధన దగ్గరపడుతోంది.

"మన్ను మెత్తిన గోడలమ్మా, మాట నిలవని గోడలూ" అంది చెంగమాంబ ఒక రోజు ప్రయాణంలో.

కోదండం పలికాడు.

"ఉన్నవాడు పలకడమ్మా, పలికేవాడు ఉండడూ."

పలికాడు. కారు తారు రోడ్డు దిగి రాళ్ల దారి పట్టింది.

"గాలి తీసిన తలుపులమ్మా, గడియ లేని తలుపులూ..."

టక్‌టక్. టక్.

ఆమె ఆగిపోయింది.

"చెప్పండమ్మా."

"ఏమన్నాను?"

"గడియ లేని తలుపులూ, అన్నారు. తర్వాత?"

ఆమె పెదవులు కదిలాయి. మాట నాలుక కొసదాకా వచ్చి, వెనక నుంచి ఎవరో పిలిచినట్టు తిరిగిపోయింది.

"ఆ శబ్దం..." అంది ఆమె. "పోయింది నాయనా."

కోదండం స్టీరింగ్ మీద గుద్దాడు. హారన్ మోగి, దారి పక్కన మేస్తున్న మేకలు చెదిరిపోయాయి.

*

రాజంపేటలో జిలానీ అని ఒక మెకానిక్ ఉన్నాడు. లారీల రోజుల నుంచి కోదండానికి స్నేహితుడు. మర్నాడు కోదండం ఒక్కడే కారు తీసుకుని అతని షెడ్డుకు వెళ్లాడు.

జిలానీ కారు ఎక్కి, షెడ్డు వెనక ఎగుడుదిగుడు నేల మీద ఇష్టమొచ్చినట్టు తిప్పాడు. శబ్దం లేదు. ఇటుక ముక్కల మీద ఎక్కించి దించాడు. లేదు.

"ఏదప్పా నీ శబ్దం?"

"ఇప్పుడు రావడం లేదు. అమ్మగారు ఎక్కితే వస్తుంది."

జిలానీ చేతులు తుడుచుకుంటూ అతని ముఖంలోకి చూశాడు. "అట్లయితే నీ బండికి భక్తి ఎక్కువైంది. అమ్మగారు ఎక్కగానే భజన చేస్తాంది."

"నవ్వులాట కాదు."

"నవ్వడం లేదు. బరువు పడితే కదిలేది ఏదో ఉండాలి."

బరువు కోసం పక్కన అంగట్లో ఒక బియ్యం మూట అడిగి తెచ్చి వెనక సీట్లో పెట్టారు. అమ్మగారి బరువుకు అది ఎక్కువని ఒకరు, చాలదని ఒకరు వాదించుకున్నారు. మూటతో ఊరు దాటి, ఏటి గట్టు మీద గులకరాళ్ల దారిలో పోయారు, వచ్చారు. మూట ఒకసారి పక్కకు ఒరిగింది. అంతకు మించి ఏమీ జరగలేదు.

జిలానీ సైలెన్సర్ బిగించాడు. షాకబ్సర్ల కింద బుష్‌లు మార్చాడు. బానెట్ కొక్కేనికి రబ్బరు ముక్క పెట్టాడు. "పో. ఇంక గుడిలో బండరాయైనా మోగుతుందేమో గాని ఇది మోగదు" అన్నాడు.

ఆ వారంలోనే అమ్మగారు ఒక శిష్యురాలి ఇంటికి బయల్దేరారు. రాళ్ల దారి వచ్చింది.

టక్‌టక్. టక్‌టక్‌టక్.

"గాలి తీసిన తలుపులమ్మా..." అని మొదలుపెట్టిన చెంగమాంబ మళ్లీ అక్కడే ఆగింది. ఇంకో రెండు చోట్ల కూడా మాట తడబడింది. ఆ రెండూ కాసేపటికి దొరికాయి. ఇది మాత్రం దొరకలేదు.

కోదండం తిరుగు ప్రయాణంలో నేరుగా జిలానీ షెడ్డు ముందు కారు ఆపాడు. అమ్మగారు వెనక సీట్లో ఉండగానే, బజారంతా వినేటట్టు తిట్టాడు. కళ్లు లేవా అన్నాడు. స్పానరు పట్టే చెయ్యేనా అది, గడ్డి కోసే చెయ్యా అన్నాడు.

జిలానీ చేతిలో స్పానరు కింద పెట్టాడు. కారు దగ్గరికి వచ్చి అమ్మగారికి సలాం చేశాడు. తర్వాత కోదండంతో, "వేరే షెడ్డు చూసుకో" అని లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

చెంగమాంబ కిటికీలోంచి ఆ మూసుకున్న రేకు తలుపును చూస్తూ కూర్చుంది.

*

ఆరాధనకు ముందు రోజు కోదండం కారును మఠం వాకిట్లో పెట్టి విప్పడం మొదలుపెట్టాడు. సీట్లు పీకాడు. తలుపుల లోపలి అట్టలు ఊడదీసి, చెయ్యి భుజందాకా దూర్చి వెతికాడు. ఒక పాత దువ్వెన, ఎండిన నిమ్మచెక్క, తుప్పు పట్టిన బోల్టు దొరికాయి. బోల్టును చూసి ఒక నిమిషం సంతోషించాడు. అది ఏ భాగానిదీ కాదు.

చేతి వేళ్లు కోసుకుపోయి, ఒళ్లంతా గ్రీజు అయ్యేసరికి అతనికి డిక్కీ కనిపించింది. మర్నాటి వంటకోసం మునెమ్మ గరిటెలు, గిన్నెలు, మూతలు, జాడీలు ఒక దుప్పట్లో మూటకట్టి అప్పటికే అందులో సర్దింది.

"మునెమ్మక్కా" అని కేకేశాడు. ఆమె చీపురు పట్టుకుని వచ్చింది.

"ఎప్పుడూ ఈ ఇనుపకొట్టంతా బండిలో ఎక్కించేది నువ్వే కదా?"

"వంట నీ స్పానర్లతో చెయ్యమంటావా?"

"శబ్దం నీ గరిటెలదే. ఇన్నాళ్లూ అమ్మగారి నోట్లో మాట పోగొట్టింది నువ్వే."

"గరిటెలు ఆరాధనకే వస్తాయి నాయనా. నీ శబ్దం ఏడాది పొడుగునా వస్తాంది."

"ఏదో ఒక చెంబో చట్టో వేస్తూనే ఉంటావు. ముసలిదానివయ్యావు, ఎక్కడ ఏం పెట్టావో నీకే గుర్తుండదు."

వసారాలో కూర్చున్న చెంగమాంబ తల ఎత్తింది.

మునెమ్మ చీపురు కింద పెట్టింది. "శబ్దం బండిలో ఉందో నీ చెవిలో ఉందో, ముందు చెవి విప్పి చూసుకో. అట్ట ఊడదియ్యడం నీకు బాగా వచ్చు గదా" అంది.

కోదండం దుప్పటి మూట పట్టి ఒక్క లాగు లాగాడు. మూట నేలమీద పడి విప్పుకుంది. గిన్నెలు దొర్లాయి. నిమ్మకాయ ఊరగాయ జాడీ రాతికి తగిలి పగిలింది. ఎండాకాలమంతా మునెమ్మ ఎండబెట్టి, కలిపి, ఆరాధనకని దాచిన ఊరగాయ మట్టిలో పడింది.

చెంగమాంబ వసారా దిగి వచ్చింది. నడుము పట్టుకుని మెల్లగా వంగి, పగిలిన పెంకులు ఒక్కొక్కటే ఏరి పమిట చెంగులో వేసుకోసాగింది.

"మీరెందుకమ్మా, వదిలెయ్యండి" అన్నాడు కోదండం. ఆమె వినలేదు. ఆమె వంగిన నడుము చూస్తే అతనికి సిగ్గు వేసింది. ఆ సిగ్గు కూడా కోపంలాగే బయటికి వచ్చింది.

"ఈ బండిని తగలబెట్టేస్తా" అన్నాడు.

"తగలబెడితే పాట ఎక్కడ నేర్చుకుంటావు?" అంది ఆమె, పెంకులు ఏరుతూనే.

మునెమ్మ గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్లింది. వెళ్తూ అమ్మగారితో మాత్రమే చెప్పింది. "రేపు నేను బస్సులో వస్తానమ్మా. ఆయన బండిలో కాలు పెట్టను. వంట చేసిపెట్టి అట్నుంచి అటే మా చెల్లెలి ఊరికి పోతా. ఎక్కడ ఏం పెట్టానో గుర్తులేని మనిషి వంటింట్లో ఉండకూడదు."

చెంగమాంబ చెయ్యి పెంకుల మీద ఆగింది.

*

మర్నాడు మునెమ్మ గిన్నెల మూట నెత్తిన పెట్టుకుని ముందే రోడ్డు మీదికి నడిచిపోయింది. కోదండం వంటగది, ధాన్యం గది, పూజ గది, వరసగా అన్నిటికీ తాళాలు వేశాడు. రాత్రంతా కూర్చుని మళ్లీ బిగించిన కారులో అమ్మగారిని ఎక్కించుకుని బయల్దేరాడు.

వెనక సీట్లో ఆమె పక్కన ఖాళీగా ఉంది.

"మొదలుపెట్టండమ్మా. ఇదే ఆఖరి అవకాశం. ఆ ఒక్క మాటా దొరికితే అయిపోతుంది."

ఆమె మొదలుపెట్టింది. మన్ను మెత్తిన గోడలు అయ్యాయి. రాళ్ల దారి వచ్చింది.

"గాలి తీసిన తలుపులమ్మా, గడియ లేని తలుపులూ..."

టక్. టక్‌టక్. టక్‌టక్.

"తర్వాత?"

"తర్వాత..."

టక్‌టక్.

కోదండం కారు ఆపాడు. దిగి, తలుపును కాలితో తన్నాడు. ఇంకోసారి తన్నాడు. చక్రాన్ని తన్నాడు. జిలానీని తిట్టాడు, మునెమ్మను తిట్టాడు, రోడ్డు వేసినవాణ్ణి తిట్టాడు, ఈ బండిని మఠానికి దానమిచ్చిన పుణ్యాత్ముణ్ణి తిట్టాడు. తిట్టడానికి ఇంకెవరూ మిగలక రొప్పుతూ నిలబడ్డాడు.

చెంగమాంబ తలుపు తెరుచుకుని దిగింది. అతని ఎదటికి వచ్చి చెయ్యి చాపింది.

"ఆ తాళాలు ఇట్లా ఇయ్యి."

"ఏ తాళాలు?"

"నీ నడుముకున్నవి."

అతను మొలతాడుకు కట్టుకున్న తాళాల గుత్తిని విప్పి ఇచ్చాడు. పాతకాలపు ఇనుప తాళంచెవులు, ఒక్కొక్కటీ జానెడు పొడుగు. ఆమె వాటిని తీసుకుని వెళ్లి వెనక సీట్లో కూర్చుంది. గుత్తిని ఒళ్లో పెట్టుకుని పమిట చెంగు కప్పింది.

"పోనీ."

కోదండం పోనిచ్చాడు. గుంత వచ్చింది. ఏమీ వినబడలేదు. రాళ్లు వచ్చాయి. ఏమీ వినబడలేదు. అతను కావాలనే కారును దారి అంచుకు, పెద్ద రాళ్ల మీదికి తిప్పాడు. ఇంజను శబ్దం, గాలి శబ్దం, అంతే.

అతనికి అప్పుడు తెలిసింది. అందరూ కలిసి బయల్దేరిన రోజునే మఠానికి తాళాలు పడతాయి. ఆ రోజునే గుత్తి తన నడుముకు ఉంటుంది. సీట్లో కూర్చుంటే అది తలుపు వైపు జారి, సీటు కింద ఇనుప పట్టీ పక్కన వేలాడుతుంది. జిలానీ దగ్గరికి ఒక్కడే పోయిన రోజున అమ్మగారు, మునెమ్మ మఠంలోనే ఉన్నారు. గుత్తి వంటగదిలో మేకుకు ఉంది.

అతని చెవులు కాలిపోయాయి. కొంత దూరం పోయాక అడిగాడు.

"ఎప్పట్నుంచి తెలుసమ్మా మీకు?"

"మొదట్నుంచీ."

అతను బ్రేకు మీద కాలు వేశాడు. వెనక్కి తిరగకుండా, ముందు అద్దంలోంచి బయటికి చూస్తూ మాట్లాడాడు. గురువుతో అతను అట్లా మాట్లాడింది అదే మొదటిసారి.

"మొదట్నుంచీ తెలిసి చెప్పలేదు. బండి మొత్తం విప్పాను, చూస్తూ కూర్చున్నారు. జిలానీ నా ముఖం మీద తలుపేసుకున్నాడు, చూస్తూ కూర్చున్నారు. ఒక్క మాట. కోదండం, నీ తాళాలు చూసుకో అని ఒక్క మాట అంటే ఏం పోయింది? ఇదేనా పరీక్ష పెట్టడం? నా పరువు పోయింది. పాట పోయింది."

కారు ఆగే ఉంది. దారికి రెండు పక్కలా ఎవరూ లేరు. ఎండ గట్టిపడుతోంది.

ఆమె గొంతు సవరించుకుంది.

"గాలి తీసిన తలుపులమ్మా, గడియ లేని తలుపులూ..."

కోదండం కోపంలోనే పలికాడు. పలికి ఆగాడు. తర్వాతి మాట కోసం అతని ఒళ్లంతా చెవి అయింది. ఇంజను కూడా ఆపేశాడు.

ఏమీ రాలేదు.

అతను అద్దంలో చూశాడు. ఆమె కళ్లు మూసుకుని ఉంది. పెదవులు తెరిచి ఉన్నాయి. వేళ్లు చెంగు కింద తాళంచెవులను ఒకదాని తర్వాత ఒకటి తడుముతున్నాయి, వాటిలో ఏదో ఒకటి పడుతుందేమో అన్నట్టు. టక్కుమనేది ఏదీ లేదు. తిట్టడానికి ఏమీ లేదు.

ఆమె కళ్లు తెరిచింది.

"మరిచిపోయేది నేను, తిట్లు తినేది బండి. నాకూ బాగానే ఉండె నాయనా" అంది. "నిన్న మునెమ్మ తినింది. ఇంక బాగాలేదు."

కోదండం స్టీరింగ్ పట్టుకునే ఉన్నాడు. అతని కోపం ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడింది.

"పోనీ" అంది ఆమె. "బస్సు రాకముందే పోవాలి."

*

మునెమ్మ బస్సులు ఆగే చోట, గిన్నెల మూట పక్కన రాతి మీద కూర్చుని ఉంది. కారు ఆగడం చూసి ముఖం అటు తిప్పుకుంది.

కోదండం దిగి ఆమె ముందు నిలబడ్డాడు.

"ఎండకు అడ్డం నిలబడినందుకు మేలు. నీడ బాగుంది" అంది మునెమ్మ.

"అక్కా, బండి ఎక్కు."

"ఎక్కితే నా మట్టెలు మోగుతాయేమో. మళ్లీ అమ్మగారి పాట పాడవుతుంది."

"శబ్దం నాదే. నా నడుముకున్న తాళాలది."

మునెమ్మ అతని నడుము వైపు చూసింది. కారు కిటికీలోంచి అమ్మగారి వైపు చూసింది. ఆమె ముఖంలో నవ్వు రాబోయి ఆగింది.

"సైలెన్సరు బిగించుకొచ్చావు."

"ఆ."

"తలుపులు ఊడబీకావు."

"ఆ."

"పంచె విప్పి చూసుకోవాలని తోచలేదు."

"తోచలేదక్కా."

"నా ఊరగాయ సంగతి?"

వంగి మూట ఎత్తుకున్నాడు. నిన్న విసిరేసిన మూటను ఈసారి శబ్దం కాకుండా డిక్కీలో పెట్టాడు. మునెమ్మ లేచి దుమ్ము దులుపుకుంది. "చెల్లెలి ఊరికి పోతానన్నది పోతాననే" అంటూ ఎక్కి అమ్మగారి పక్కన కూర్చుంది.

కొంత దూరం పోయాక చెంగమాంబ అడిగింది, "మీ చెల్లెలి పేరేందే?"

"ముప్పై ఏండ్లుగా మనింటికి వస్తాంది కదమ్మా. ఎంగటమ్మ."

"ఆ, ఎంగటమ్మ."

మునెమ్మ ఆమె ముఖంలోకి నిదానంగా చూసింది. తర్వాత ఎవరూ అడగకపోయినా, బయటికి చూస్తూ, "ఆరాధన కానీ, ఊరికి పోయే సంగతి తర్వాత చూస్తాంలే" అంది.

*

ఆరాధన జరిగే ఊరిలో పందిరి వేశారు. భోజనాలు అయ్యాక అందరూ చాపల మీద కూర్చున్నారు. చెంగమాంబను గోడవారగా దిండు వేసి కూర్చోబెట్టారు. కోదండం ఆమె ఎదట కూర్చుని ఇంటి తత్త్వం ఎత్తుకున్నాడు.

అతనిది మంచి గొంతు. లారీ రోజుల్లో కొండ దారుల్లో పాడిన గొంతు. మన్ను మెత్తిన గోడల దగ్గర ముసలివాళ్లు తలలు ఊపారు. కొందరు చేతులు జోడించారు.

"గాలి తీసిన తలుపులమ్మా, గడియ లేని తలుపులూ" అని పాడి అతను ఆగాడు. ఊపిరి తీసుకుని, ఆ దొరకని మాటను వదిలేసి, తర్వాతి చరణంలోకి వెళ్లబోయాడు.

"ఆగబ్బాయ్." ముందు వరసలో వరదయ్య చెయ్యి ఎత్తాడు. ఆ ఊరి పెద్దమనిషి, చెంగమాంబ గురువు నోట ఈ పాట విన్నవాడు. "తలుపుల తర్వాత ఒక మాట ఉండాలే?"

"ఉండాలి."

"ఏదది?"

"లేదండీ."

"లేకపోవడమేంది? నేను చిన్నప్పుడు విన్నా. మాట గుర్తు లేదు గాని ఉండింది. నాలుగు తరాలు నోట్లో మోసుకొచ్చిన పాట. నీ దగ్గరికి వచ్చేసరికి తలుపులే మిగిలాయా?" వరదయ్య గొంతు పెరిగింది. "లారీ తోలేవాడి చేతికిస్తే ఇట్లనే ఉంటుందని అప్పుడే చెప్పినా. ఎవరు పోగొట్టారు దాన్ని?"

పందిరి అంతా కోదండం వైపు చూసింది. అతని మెడ నరాలు ఉబ్బాయి. అతని కోపం తెలిసిన మునెమ్మ గిన్నెలు కడగడం ఆపి వచ్చి గుంజ పట్టుకుని నిలబడింది.

కోదండం కళ్లు దించుకున్నాడు.

"నేనే" అన్నాడు. "అమ్మగారు సరిగానే చెప్పారు. నేను వినలేదు."

"చూసినారా" అన్నాడు వరదయ్య అందరి వైపూ తిరిగి.

"వరదా." చెంగమాంబ పిలిచింది.

ఆమె గోడ పట్టుకుని లేస్తోంది. కోదండం లేచి చెయ్యి అందించబోతే విదిలించి కొట్టింది. ఆమె కళ్లలో కోపం అక్కడున్నవాళ్లు ఎవరూ అంతకుముందు చూసి ఉండరు.

"నాది నాకు ఇయ్యి" అంది కోదండంతో. "తాళాలు మోసినావు చాలు. ఇది కూడా నువ్వే మోస్తావా?"

తర్వాత పందిరి వైపు తిరిగింది.

"వాడు బాగానే విన్నాడు. ఆ మాట మరిచిపోయింది నేను. ఇంకా మరిచిపోతాను. ఈ పొద్దు మునెమ్మ చెల్లెలి పేరు మరిచిపోయినా. రేపు నీ పేరు మరిచిపోతా వరదా. దాన్ని గురించి ఎవరైనా కోప్పడాల్సి ఉంటే నా మీద కోప్పడండి, నేను ఇక్కడే ఉన్నా."

ఎక్కడో ఒక చంటిబిడ్డ ఏడిస్తే తల్లి నోరు మూయించింది.

చెంగమాంబ తన దిండు దగ్గరికి వెళ్లలేదు. దిండును కాలితో కోదండం వైపు తోసింది. "కూర్చో" అంది. అతను కదలలేదు. "కూర్చో అంటున్నా కదా" అని కసిరింది. అతను గోడవారగా, ఆమె చోటులో కూర్చున్నాడు. ఆమె మోకాళ్లు పట్టుకుని, అబ్బా అనుకుంటూ, అతని ఎదట చాప మీద దిగింది. వీపు నిటారుగా పెట్టింది. చేతులు కట్టుకుంది.

"మొదటి నుంచి చెప్పు" అంది. "నేను నీ వెనక పలుకుతా."